అయ్యవారు తిన్న మూడు చుట్లు

కుప్పం రైల్వేస్టేషను బయట సాయంత్రం నాలుగు దాటితే ఒకాయన తోపుడు బండి మీద పెద్ద బాణలి పెట్టి, నల్లగా కాలిన ఇసుకలో వేరుశనగ కాయలు వేయిస్తాడు. గరిటె బాణలి అంచుకు తగిలే చప్పుడు, వేడి ఇసుక వాసన, ఆ వెనకే తొక్కలు కాలే కమ్మటి వాసన, రోడ్డుకు ఇవతల ఉన్న మా బడి గేటు దాకా వస్తాయి. ఆ బడిలో నేను పిల్లలకు ఆటలు నేర్పే టీచరును. నోట్లో నీళ్ళూరడం, ఒళ్ళు మండడం రెండూ ఒకేసారి జరిగే వాసన నాకు లోకంలో ఇదొక్కటే.

మొన్న ఆగస్టు మొదట్లో ఆ వాసనలో నిలబడి ఉండగానే చేతిలో ఫోను టింగుమంది. స్వాతంత్ర్య దినోత్సవం వస్తోంది కాబట్టి రోజుకు ఇన్ని వేల అడుగులు నడవండి, లెక్క ఫోనే చూసుకుంటుంది, చివర్లో మీ పేరు వేసిన సర్టిఫికెట్టు దించుకోండి అని ఒక ఛాలెంజి. మా స్టాఫ్ రూములో అందరూ చేరిపోయారు. లెక్కల టీచరు ఫోనును మనవడి ఉయ్యాలలో పెట్టి ఊపుతుంది, అడుగులు పడిపోతూ ఉంటాయి. ఇంకొకాయన తన కుక్క మెడకు సంచి కట్టి అందులో వేశాడు. కుక్క ఊరంతా తిరిగొచ్చింది, సర్టిఫికెట్టు ఆయనకొచ్చింది. అందరూ పడీపడీ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెయ్యని అడుగులకు కాగితాలు వస్తున్నాయి, నేను నిజంగా వేసిన మూడు చుట్లకు ఇన్నేళ్ళయినా లెక్క లేదు అనుకుని లేచి బయటికొచ్చేశాను.

మాది పుంగనూరు. అమ్మానాన్నలు తెల్లారకముందే టమాటా బుట్టలతో మదనపల్లె మార్కెట్టుకు పోయేవాళ్ళు కాబట్టి నాకు జడ వేసిందీ, సంగటి ముద్ద తినిపించిందీ, వీపు మీద నాలుగు వేసిందీ అంతా మా అవ్వే. తొంభైల్లో నేను చదివిన హైస్కూల్లో మునెప్ప అని డ్రిల్లు సారు ఉండేవాడు. పొట్టిగా, గట్టిగా, ఎండకు కమిలిన నుదురుతో, ఈల మెడలో లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడని మనిషి. జెండా పండగంటే మాకు నారింజ బిళ్ళలు, బెల్లం కలిపిన బొరుగులు, మధ్యాహ్నానికల్లా సెలవు. ఆయనకు అదంటే ఒళ్ళుమంట. దేశం ఊరికే రాలేదు, ఒళ్ళొంచినోళ్ళు తెచ్చినారు, మీరు కూసోని బిళ్ళలు చప్పరిస్తే ఎట్లా అనేవాడు. అందుకని ఒక్కొక్క పండక్కు దాని అర్థానికి తగినట్టు ఒంటితో చేసే పని ఒకటి పెట్టాడు.

జనవరి ఇరవై ఆరున మోకు లాగేవాళ్ళం. మా వైపు ఆ రోజుల్లో చలి ఎముకలు కొరికేది, పొద్దున ఎనిమిదైనా మంచు విడిచేది కాదు, నోరు తెరిస్తే పొగ వచ్చేది. బావిలోంచి తీసిన పాత మోకును గ్రౌండులో పరిచి, చీట్లు తీసి రెండు జట్లు చేసేవాడు. పెద్ద చిన్న లేదు, ఆ కులం ఈ కులం లేదు, హెడ్మాస్టరు వెనక గదులు ఊడ్చే లక్ష్మమ్మ, ఆమె వెనక ఆరో తరగతి పిల్లలు. రాజ్యాంగం ముందర అందరిదీ ఒకే మోకు అని సారు ఈల ఊదితే, తెల్ల ప్యాంటుతో హెడ్మాస్టరు ఎర్రమట్టిలో కూలబడటం చూడటానికే సగం ఊరు గోడ మీదికెక్కేది. అక్టోబరు రెండున నడక. చెప్పులు బళ్ళో వదిలేసి, మాటా పలుకూ లేకుండా ఊరి బయట గుట్ట దాకా పోయి రావాలి. అప్పటికి వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగి, పల్లేరు కాయలు కాళ్ళలో గుచ్చుకునేవి. గుచ్చుకున్నా అబ్బా అనకూడదు. తిరిగొచ్చాక జామకాయ ముక్క మీద చిటికెడు ఉప్పు వేసి ఇచ్చేవాడు. ఉప్పు కోసం ఒక ముసలాయన ఎంత దూరం నడిచాడో ఆ ముక్క నములుతుండగా చెప్పేవాడు. ఆ పాఠం నాకు ఇప్పటికీ జామకాయ వాసనతోనే గుర్తు.

అన్నిటికంటే పెద్దది ఆగస్టు పద్నాలుగు సాయంత్రం పరుగు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎన్నేళ్ళయితే గ్రౌండు చుట్టూ అన్ని చుట్లు. పరిగెత్తినా సరే, నడిచినా సరే, నిలబడకూడదు. అందరికంటే ఎక్కువ చుట్లు చేసినవాళ్ళు మర్నాడు తెల్లవారుజామున ప్రభాతభేరిలో ఊరేగింపుకు ముందు జెండా పట్టుకుని నడవాలి. పరిగెత్తే ఒక్కొక్కరికీ ఒక్కో టీచరు లెక్క చూసేవారు. సున్నం గీత పక్కన కుర్చీ, కుర్చీ పక్కన స్టూలు మీద స్టీలు గిన్నె, కింద చిన్న సంచిలో చెనిక్కాయలు. విత్తనానికి పోగా ఇళ్ళల్లో మిగిలిన వేరుశనగ కాయలనే డ్రిల్లు సారు అడిగి తెచ్చేవాడు. మనం గీత దాటినప్పుడల్లా టీచరు సంచిలోంచి ఒక కాయ తీసి గిన్నెలో వేస్తారు. చివర్లో గిన్నెలో ఎన్ని కాయలుంటే అన్ని చుట్లు. గిన్నె చెప్పిందే లెక్క. తర్వాత బెల్లం ముక్క పెట్టి ఆ గిన్నె మన చేతికే ఇస్తారు, ఎవరి చుట్లు వాళ్ళే తినాలి. గులకరాళ్ళు పెట్టుకుంటే పోయేది గదా అని ఇప్పుడు నేను తల బాదుకుంటాను. చెనిక్కాయలు పండే సీమలో మనిషికి చెనిక్కాయలిచ్చి రెండు గంటలు కుర్చీలో కూర్చోబెట్టడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఆడపిల్లలకు ఆ పరుగు లేదు. మాకు నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ. లేదంటే జెండా గద్దె చుట్టూ ముగ్గు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు స్వాతంత్ర్యానికి యాభయ్యేళ్ళు నిండాయని బళ్ళన్నీ సున్నాలు కొట్టుకుంటుంటే, డ్రిల్లు సారు ఈసారి యాభై చుట్లు, ఆడపిల్లోళ్ళు గూడా రావొచ్చని అసెంబ్లీలో చెప్పాడు. నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. నాకు జెండా కావాలి. ఆరో తరగతి నుంచీ ఊరేగింపులో తోక దగ్గర నడిచి, ముందువాళ్ళు లేపిన దుమ్ము తిని, ఆ జెండా కొస కూడా కనపడక నాకు విసుగొచ్చేసింది.

అవ్వ ముందు ఒంటికాలి మీద లేచింది. వయసొచ్చిన ఆడబిడ్డ లంగా ఎగ్గట్టి ఊరందరి ముందరా పరిగెత్తితే ఎవరేమనుకుంటారని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడకుండానే నా పిక్కలకు ఆముదం రాసింది, లంగా కింద తొడుక్కోవడానికి నాన్న పాత నిక్కరుకు నాడా కుట్టిచ్చింది. యాభై చుట్లు తికమక పడకుండా గుర్తు పెట్టుకోవడం ఎట్లాగా అని నేను అడిగితే, చుట్టుకొక యేడు పెట్టుకోమంది. ఆమెకు సంవత్సరాల నంబర్లు తెలియవు, జరిగినవి తెలుసు. మొదటి చుట్టు గాంధీ తాతను కాల్చిన యేడు. ఆ తర్వాత ఆమె కాపురానికొచ్చిన యేడు, నాన్న పుట్టిన యేడు, గంజి పోసిన కరువు, ఎర్రావు పులి నోటపడిన యేడు. ముప్పై ఆరో చుట్టు నేను. రాత పుస్తకం వెనక అన్నీ వరసగా రాసుకుని ఎక్కాల మాదిరి బట్టీ పట్టాను.

నాకు లెక్క చూడటానికి తెలుగయ్యవారిని కూర్చోబెట్టారు. అంతకంటే అదృష్టం ఏముంటుందనుకున్నాను. తెల్ల పంచె, భుజాన కండువా, ఎప్పుడూ తమలపాకు వాసన వేసే మనిషి. నా వ్యాసాలు తరగతిలో గట్టిగా చదివి వినిపించేవాడు, నన్ను కొట్టకుండా చదువు చెప్పింది ఆయనొక్కడే. మర్నాటి సభలో ఆయన ఉపన్యాసం ఉంది. ఒళ్ళో అట్ట పెట్టుకుని కుడిచేత్తో అది రాసుకుంటూ, ఎడమచేత్తో నా కాయలు వేస్తున్నాడు.

మూడు గంటలకు ఈల పడింది. ఆకాశం మబ్బు పట్టి గాలి చల్లగానే ఉంది గానీ, పది చుట్లకే ఓణీ తడిసి ఒంటికి అతుక్కుంది. గోడ మీద కూర్చున్న మగపిల్లలు మొదట్లో ఈలలు వేశారు, ఇరవై దాటాక మానేశారు. కరువు యేట కడుపులో పోటు వచ్చింది. నాన్న పెళ్ళి యేడు ఒక చెప్పు తెగితే రెండోది కూడా విసిరేసి ఉత్త కాళ్ళతో పరిగెత్తాను. నేను పుట్టిన యేటికి పదిమందిలో నలుగురమే మిగిలాం. పదో తరగతి చలపతి నాకంటే బాగా ముందు ఉన్నవాడు, నలభై ఎనిమిది పూర్తయ్యాక కాలు పట్టేసి కూలబడ్డాడు. మిగతా ఇద్దరూ అప్పటికే ఆగిపోయారు. నేను అతన్ని దాటి పోయాను. చివరి చుట్టు ఈ యేడు, ఇంక యేళ్ళు లేవు, పట్టీ అయిపోయింది. గీత దాటి అయ్యవారి కుర్చీ పక్కన పడిపోయాను. ఎర్రమట్టి వాసన, నా చెమట వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు.

డ్రిల్లు సారు గిన్నె బోర్లించి లెక్కపెట్టాడు. నలభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఏడే.

నేను లేచి కూర్చున్నాను. కూర్చున్న ఎత్తుకు అయ్యవారి కుర్చీ కింద నేల నా కళ్ళకెదురుగా ఉంది. అక్కడ తొక్కలు పడి ఉన్నాయి. ఏరాను. రెండేసి చొప్పున జత కలిపితే సరిగ్గా మూడు కాయల తొక్కలు. రాస్తూ రాస్తూ ఆయన ఎడమచెయ్యి సంచిలోకి పోవాల్సింది గిన్నెలోకి పోయింది, అంతే. ఈ సీమ మనిషి చెయ్యి అది, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన మీసం మీద ఎర్రటి పొట్టు ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాన్ని నేను చూశాను, డ్రిల్లు సారు చూశాడు, వెనక నిలబడ్డ హెడ్మాస్టరు చూశాడు.

"అయ్యవారూ, మీరు తిన్నారు గదా" అన్నాను.

అయ్యవారు తొక్కల వైపు చూశాడు. ఆ క్షణం దాకా ఆయనకు నిజంగానే తెలియదు. ఆ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ క్షణం తర్వాత తెలుసు. మొహం ఎర్రబడింది, కండువాతో మూతి తుడుచుకున్నాడు. చుట్టూ ఇంతమంది టీచర్లు, గోడ మీద ఊరు.

"గిన్నెలో నలభయ్యేడే ఉండాయి గదమ్మా" అన్నాడు.

డ్రిల్లు సారు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన గొంతులో అంత మెత్తదనం ఎప్పుడూ వినలేదు. "ఇంకో మూడు కొట్టెయ్ పాపా. చలపతి ఎట్లాగూ పడిపోయినాడు. పెద్దాయన్ను అంతమందిలో ఏం నిలదీస్తాము" అన్నాడు.

కొట్టగలిగేదాన్నే. నడిచైనా పూర్తి చేసేదాన్ని. జెండా నాదయ్యేది. కానీ ఆ మూడు చుట్లు తిరిగితే, ముందు నేను తిరిగింది నలభై ఏడే అని ఒప్పుకున్నట్టే. అవ్వ చెప్పిన యేళ్ళలో ఏ మూడింటిని లేవనాలి?

"కొట్టను సార్. నేను యాభై కొట్టినా" అన్నాను.

గిన్నె ఇచ్చారు, తినలేదు. ఇంటికొచ్చి చెప్తే అవ్వ కూడా వాళ్ళ పక్షమే అయింది. "మూడు చుట్లే గదమే, కొట్టేసి జెండా తెచ్చుకోక, ఆ మొండితనం యాలనే నీకు" అంది. ఆ మాట ఆ ఊళ్ళో ప్రతి నోటా విన్నాను. మూడే గదా. ఎంతసేపు గదా. తప్పు ఎవరిదో అందరికీ తెలుసు, దిద్దుకోవాల్సింది మాత్రం నేను. అప్పటి నుంచి ఈ రోజు దాకా నాకు ఎక్కడ ఏ అన్యాయం జరిగినా ఎదుటివాళ్ళు ఈ మాటే అంటున్నారు, ఇంకో మూడు కొట్టెయ్ అని.

మర్నాడు పొద్దున పోనన్నాను. అవ్వ రాత్రే ఓణీకి గంజిపెట్టి చెంబుతో ఇస్త్రీ చేసి ఉంచింది, అది చూసి పోయాను. చలపతి కుంటుకుంటూ ముందు జెండా పట్టుకున్నాడు. రెండో వీధి మలుపులో వెనక్కొచ్చి, నా పక్కన నడుస్తూ, నాకు చెయ్యి నొప్పిగా ఉండాది నువ్వు పట్టుకో అని జెండా చాపాడు. అతనికి చెయ్యి నొప్పి లేదు. మంచి పిల్లవాడు. వద్దన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది గానీ, ఆ జెండా అట్లా దానంగా తీసుకునేదానికి కాదు నేను పరిగెత్తింది. సభలో అయ్యవారు ఉపన్యాసం చదివాడు. అరగంట. విషయం సత్యం. తన ఎడమచెయ్యి తిన్న కాయల సాక్షిగా రాసిన ఉపన్యాసం. చివర అందరూ చప్పట్లు కొట్టారు, నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఆయన ఒక్కసారి తలెత్తి నా వైపు చూసి, చదివే వరస తప్పి, మళ్ళీ అందుకున్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, మదనపల్లెలో డిగ్రీ చదువుతూ మా హాస్టలు స్నేహితురాలి అక్క పెళ్ళికి పోతే, భోజనాల వరసలో నా ఎదురుగా అయ్యవారు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. వడ్డించేవాడు చెనిక్కాయల పచ్చడి తెస్తే అయ్యవారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వేయించిన పప్పులు చల్లిన పులిహోర వస్తే దానికీ అడ్డం పెట్టాడు. చివరకు చిక్కీ ముక్క పెట్టబోతే వెనక్కి జరిగాడు. ఆయన భార్య నా ముఖంలో ఆశ్చర్యం చూసి తన గోడు మొదలుపెట్టింది. కాశీకి పోయినోళ్ళు ఏదో ఒకటి వదిలేస్తారు, ఈయన కాశీకీ పోలేదు, గయకూ పోలేదు, యాభయ్యేళ్ళ జెండా పండగ నాటి నుంచి చెనిక్కాయలు ముట్టడు, ఎందుకంటే చెప్పడు, ఈ సీమలో చెనిక్కాయలు లేకుండా ఇంటి పొయ్యి వెలిగించేదెట్లా అని. ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట.

చేతులు కడుక్కునే చోట ఆయన పక్కన నిలబడ్డాను. బాగుండావా రెడ్డెమ్మా అని అడిగాడు. ఎట్లాగో ధైర్యం చేసి అడిగేశాను.

"ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదా అయ్యవారూ."

ఆయన చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. "మాట నోటికి రాలేదమ్మా. అందుకే ఆ నోటికే శిక్ష ఏసినా" అన్నాడు.

అది విని నేను కరిగిపోయి ఉండాలి. అందరూ అట్లాగే అంటారు. నాకు మాత్రం ఇంకా కోపం పెరిగింది. ఆయన నోటికి ఆయన వేసుకున్న శిక్షతో నాకొచ్చేదేమిటి? అసెంబ్లీలో నిలబడి, ఈ పాప యాభై చుట్లు చేసింది అని ఐదు మాటలు అంటే అయిపోయేదానికి, ఎవరూ అడగని ఉపవాసాలు ఎందుకు? ఇదంతా నా నాలుక చివర దాకా వచ్చింది. ఆయన చేతుల మీద నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. సరే అయ్యవారూ అని మాత్రం అనగలిగాను. అంతకుమించి అనకుండా వచ్చేసినందుకు నా మీద నాకే చిరాకు, ఇప్పటికీ.

ఈ యేడు ఫోను ఛాలెంజిలో నా క్లాసులో ఫోన్లు లేని పిల్లల పేర్లు ఎక్కలేదు. వాళ్ళ అడుగులు అడుగులు కావట. ఆ ఉక్రోషంలో, పద్నాలుగో తారీకు సాయంత్రం మా గ్రౌండులో సున్నం గీత గీయించి, స్టీలు గిన్నెలు పెట్టి, స్టేషను దగ్గరి బండివాడి దగ్గర చెనిక్కాయలు కొనుక్కొచ్చాను. ఇప్పుడు అన్ని చుట్లు పిల్లలు చెయ్యలేరని ఇరవై ఐదు పెట్టాను. మునిలక్ష్మి అని ఎనిమిదో తరగతి పిల్లకు నేనే లెక్క చూశాను. ఇంకెవరు తప్పినా నేను తప్పనని నా నమ్మకం. కొంచెం సేపు చూశాను, కొంచెం సేపు గోడవతల ఎవరో పిలిస్తే మాట్లాడాను, హాజరు పట్టీ దిద్దాను. పిల్ల వచ్చి ఒగర్చుకుంటూ అయిపోయింది మేడం అంది. గిన్నెలో ఇరవై నాలుగు ఉన్నాయి.

నేను కుర్చీ కిందికి చూడక్కర్లేదు. నాలుక కింద ఉప్పగా, కమ్మగా, ఆ రుచి ఇంకా ఉంది.

హెడ్మాస్టరు ఉన్నాడు, టీచర్లు ఉన్నారు, గేటు దగ్గర పిల్లల అమ్మలు నిలబడి ఉన్నారు. మొహంలోకి వేడి ఎక్కడం తెలిసింది. కొంగు దానంతటదే మూతి దగ్గరికి వచ్చింది. "ఇంకోటి నేనే తినేసినా పాపా, నీవి ఇరవై ఐదూ అయిపోయినాయి" అన్నాను, అందరికీ వినపడేటట్టు. పిల్లలు గొల్లుమన్నారు. హెడ్మాస్టరు కూడా నవ్వాడు. మునిలక్ష్మి నా ముఖం వంక కూడా చూడలేదు, గిన్నె లాక్కుని, బెల్లం బుగ్గన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అంతే. ఇంత పొట్టి మాట. నోట్లోంచి రావడానికి గుటక మింగినంత సేపు కూడా పట్టలేదు. అయ్యవారి కష్టం ఈ పొద్దైనా అర్థమై కోపం చల్లారుతుందనుకున్నాను, ఇంకా రగిలింది. ఇంత మాత్రం మాటకు ఆ మనిషి బతికినన్నాళ్ళూ పచ్చడి లేని ఇడ్లీ తిన్నాడే అని, అరిచి అడగడానికి కూడా ఇప్పుడు ఆయన లేడే అని. డ్రిల్లు సారు లేడు. అవ్వ లేదు, ఆమె చెప్తే రాసుకున్న ఆ యాభై యేళ్ళ పట్టీ కూడా ఎక్కడో పోయింది. పుంగనూరు గ్రౌండులో సగం మీద గదులు లేచాయి. సున్నం గీత ఉన్న చోట సైకిళ్ళ షెడ్డు వేశారు. తిన్నది ఆయనే, తినడం మానుకున్నదీ ఆయనే. నా మూడు చుట్లు మాత్రం ఇంకా ఏ గిన్నెలోనూ పడలేదు.